దొర చచ్చే ముక్క

రక్తం తాగే దొరను నా చేతులతో నేనే చంపాను. నల్ల కోటు తొడుక్కుని, పగలంతా పెట్టెలో పడుకుని, పొద్దు గూకగానే లేచి తిరిగే ఆ సినిమా దొరని, వాడి కోటలో, వాడి గదిలోనే. కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గర ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. అందరికీ చెప్పింది నేనే కాబట్టి.

చంపలేదు. వాడి గది తలుపు దాకా వెళ్లాను, అంతే. అక్కడికైనా నేనొక్కడినే వెళ్లలేదు. సగం నేను, సగం మా బావ. ఆ తలుపు తియ్యకుండా ఇద్దరినీ వెనక్కి తిప్పింది మాత్రం పూర్తిగా నేనే.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగవాళ్లం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. వాళ్లది ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు, మాది సబ్బవరం పక్క చెరకు పండించే ఇల్లు. స్టీలు ప్లాంటులో ఇద్దరం ఒకేసారి చేరాం. అతను పైన క్రేన్ కేబిన్‌లో కూర్చునేవాడు, నేను కింద హెల్మెట్ పెట్టుకుని చేత్తో సైగలు చేసేవాడిని. ఆ మోతలో మాట వినపడదు. నా చెయ్యి ఎటు తిరిగితే అతని ఇనుము అటు కదలాలి. రిటైరయ్యేదాకా మా స్నేహం అంతా అలా పైనొకడు, కిందొకడు.

రిటైరైన కొన్నేళ్లకు అతని కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. భార్య అంతకు ముందే చనిపోయింది. కూతురికి ద్వారకా నగర్‌లో ఉద్యోగం, పొద్దున్నే బస్సెక్కాలి. అందుకని తోడు నేను. ఏడాది పైగా ఇద్దరం ఆటోలో వెళ్లి వస్తూనే ఉన్నాం. ఒకరోజు తిరిగి వస్తుంటే ఆటోలో, ఎవరితోనో అన్నట్టు రోడ్డు వైపు చూస్తూ, "ఇంక మానేద్దారనుకుంటన్నాను బావా," అన్నాడు.

మానేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ మాకు మొదట్లోనే చెప్పింది. వారం, మహా అయితే రెండు వారాలు.  ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇతన్ని మాననివ్వకూడదు, ఏం చేసైనా సరే, అనుకున్నాను. దొర మా మధ్యకు మళ్లీ వచ్చింది అందుకే.

మళ్లీ అన్నాను కదా. మొదట ఎలా వచ్చాడో చెప్పాలి.

ప్లాంటులో మాకు బి షిఫ్ట్ పడిన వారం మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. పొద్దుటిపూట ఖాళీ. ఊళ్లో ఒక హాల్లో మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. ఓడల మీంచి దిగిన పరాయి దేశాల వాళ్లు కూడా వచ్చి, ఏసీ గాలికి వెనక సీట్లలో నిద్రపోయేవారు. ఆ హాల్లో ఆడిన ప్రతి దయ్యం సినిమా నేను చూశాను. అంటే, బావ చూసినవన్నీ. అవీ నాలుగో అయిదో.

మాకు ఇంగ్లీషు రాదు. దయ్యానికి భాషతో పనేముంది? ఉరుము ఉరిమితే ఎవరికైనా అర్థమవుతుంది. శవాల ముక్కలు కుట్టి లేపిన మనిషి, పున్నమికి తోడేలయ్యే మనిషి, ఒళ్లంతా గుడ్డపేలికలు చుట్టుకుని సమాధిలోంచి నడిచొచ్చే రాజు, వీళ్లందరిలోకీ మాకు దొరంటేనే ఇష్టం. మిగతావాళ్లు అరుస్తారు, సామాన్లు పడగొడతారు. దొర గుమ్మం దగ్గర మర్యాదగా నిలబడతాడు. లోపలికి రమ్మంటేనే వస్తాడు. వచ్చాక మెడ మీద రెండు చుక్కలు పెట్టి పోతాడు.

దొర సిలువను చూసి మొహం తిప్పుకున్నప్పుడల్లా, బావ చొక్కాలోంచి తన మెడలో సిలువ బయటికి తీసి నాకు చూపించేవాడు.

"సూసినావా. మీ సామికి బయపడ్డాడేటి?"

"మా సామి ఆ దేశం ఎల్లలేదు బావా. ఎల్తే అప్పుడు తెలుస్తాది."

చిక్కల్లా షిఫ్ట్ బస్సుతో. సినిమా ఇంకా అరగంట ఉందనగా లేచి పరిగెత్తితేగానీ బస్సు దొరకదు. కోటలో దొర పెట్టె మూత లేస్తుంటే మేం చీకట్లో ఎవరి కాళ్లో తొక్కుకుంటూ బయటపడేవాళ్లం. ఏ సినిమాకీ చివరి ముక్క చూసింది లేదు.

బస్సులో అందరూ కథ చెప్పమనేవారు. ఆ చివరి ముక్క నేను చెప్పేవాడిని, ఆ సినిమా పోయినసారి ఊళ్లోకి వచ్చినప్పుడే పూర్తిగా చూసేశానని బొంకి. నా కథల్లో దొర ఎప్పుడూ చావలేదు. చస్తే పై వారం ఏం చెప్పుకుంటాం? ఒకసారి గబ్బిలమై పొగగొట్టంలోంచి ఎగిరిపోయాడు. ఒకసారి ఇనప రాయి ఎత్తుకుపోయే ఓడలో అడుగున దాక్కుని సరాసరి మన హార్బరుకే వచ్చేశాడు. ఆ మాట విని బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే కుర్రాడొకడు వారం రోజులు సెల్లార్లోకి దిగనన్నాడని అందరికీ చెప్పేవాడిని. అది కూడా నేను కల్పించిందే. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

బావ మాత్రం నమ్మేవాడు. "ఆడు సావలేదన్నమాట," అని తల ఊపుతూ క్రేన్ నిచ్చెన ఎక్కేవాడు.

డయాలసిస్ మొదటిరోజు సిస్టర్ అతని ఎడమ చేతిలో రెండు సూదులు గుచ్చింది. ఒకటి రక్తం లాగడానికి, ఒకటి కడిగిన రక్తం తిరిగి పంపడానికి. నాలుగు గంటలయ్యాక తీసి, దూది పెట్టి చాలాసేపు నొక్కింది. దూది తీస్తే పక్కపక్కనే రెండు ఎర్రటి చుక్కలు. బావ వాటిని చూశాడు, నన్ను చూశాడు.

"దొరొచ్చీసేడు బావా."

"తాగిందంతా తిరిగి కక్కీసేడు కదా. మంచోడే."

సిస్టర్ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. అలా నవ్వుకుంటూనే నెలలు గడిచాయి. తర్వాత తర్వాత నవ్వు తగ్గింది. కాళ్ల పిక్కలు పట్టేసి అతను పళ్లు బిగించిన రోజుల్లో నేను హాస్యం ఆడలేకపోయాను.

మానేస్తానని అతను అన్న మర్నాటికి మర్నాడు మళ్లీ వెళ్లే రోజు. ఏం చెయ్యాలో తోచక అతని కూతురి పాత ఫోను పట్టుకెళ్లాను. మంచం పక్క కూర్చుని, "మన సినిమా ఎతుకుదాం," అన్నాను. పేరు మాకు తెలిస్తే కదా. తెర మీద పేరు పడేటప్పుడు మేం సీట్లు వెతుక్కుంటూ ఉండేవాళ్లం. వెతికితే దొరలు కోకొల్లలుగా వచ్చారు. ముసలి దొర, పడుచు దొర, రంగుల దొర. చివరికి ఒకటి మాదే అనిపించింది. అదవునో కాదో ఇప్పటికీ చెప్పలేను. ఇద్దరం చెవికొక తీగ పెట్టుకుని చూశాం. ఈసారి లేచి పరిగెత్తాల్సిన పని లేదు, అతను లేవాలన్నా లేవలేడు.

చివర్లో ఎవరో తెర లాగారు. ఎండ పడింది. దొర బూడిదైపోయాడు. రెప్ప వేసేలోపు అయిపోయింది.

బావ చెవిలోంచి తీగ తీసేశాడు. 

"నువ్ సెప్పిన ముక్క ఇందులో నేదు."

"కట్ చేసేసి ఉంటారు బావా. సెన్సారోళ్లు."

"ఓడ నేదు. హార్బర్ నేదు."

"మరదే సెప్తన్నాను."

"ఇన్నేళ్లూ ఆడు బతికే ఉన్నాడనుకున్నాను బావా." కోపంగా అనలేదు. ఎవరో తెలిసినవాడు పోయాడని ఆలస్యంగా విన్నట్టు అన్నాడు. ఫోను నా చేతికిచ్చేసి, "ఎంత బేగి అయిపోనాది," అన్నాడు.

ఆ రెండో మాట నాకు నచ్చలేదు. ఆ రాత్రి అతని కూతురికి ఫోన్ చేసి, నాన్నని కూర్చోబెట్టేది ఏదైనా కావాలమ్మా, కానీ తొందరగా అయిపోకూడదు అన్నాను. ఆ అమ్మాయి ఆలోచించి ఫోన్లో ఒక ఆట వేసి ఇచ్చింది. పెద్ద కోట. కొరడా పట్టుకున్న వీరుడొకడు గది తర్వాత గది దాటుకుంటూ పోవాలి. మా పాత మనుషులందరూ ఉన్నారు అందులో. గబ్బిలాలు, తోడేలు మనిషి, కుట్ల మనిషి, పేలికల రాజు. అన్నిటికంటే పైన, ఆఖరి గదిలో దొర. వీరుడు చచ్చిపోతే ఫరవాలేదు, కిందటి దీపం దగ్గర మళ్లీ లేస్తాడు.

ఆ ఆట ఆడడానికి రెండు చేతులు కావాలి. తెర మీద ఎడం పక్క బొటనవేలితో నడిపించాలి, కుడి పక్క బొటనవేలితో కొట్టాలి. బావ ఎడమ చెయ్యి సూదులతో కదలకుండా ఉంది. కాబట్టి నడక నాది, దెబ్బ అతనిది. ఒకే ఫోనును చెరో చివరా పట్టుకుని, రెండు బట్టతలలు ఆనించుకుని ఆడేవాళ్లం. పక్క మంచాల వాళ్లు తమ బాధ మరిచిపోయి మమ్మల్ని చూసేవారు.

"ఎనక్కి లాగు బావా, ఎనక్కి. తోడేలు."

"నువ్ కొట్టకుండా నన్నెనక్కి లాగమంటావేటి."

"కొట్టనాకి కుసింత ఎడం ఉండాలి కదా. ఎడం నేకుండా క్రేన్‌తో లోడెత్తమంటే ఎలగ."

మొదటి పదిసార్లు మొదటి గబ్బిలమే మమ్మల్ని చంపింది. తర్వాత తర్వాత చెయ్యి కుదిరింది. కుదరదా మరి. నేను అంగుళం జరిపితే అతను సరిగ్గా అప్పుడే కొట్టేవాడు. కుట్ల మనిషిని పడగొట్టినప్పుడు మాత్రం బావ సంబరపడలేదు. తన చెయ్యి చూపించాడు. సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చోట చర్మం తాడులా పైకి లేచి ఉంది. "మనోడే బావా ఆడు. పాపం," అన్నాడు.

ఆట డయాలసిస్ దగ్గర మాత్రమే అని నేను నియమం పెట్టాను. ఫోను నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంటి దగ్గర అడిగితే చార్జింగు లేదన్నాను. అతను ఆటో ఎక్కేటప్పుడు, "ఇయ్యాల పేలికలోడి పని పట్టాల," అంటుంటే నాకు లోపల ఎంత ధైర్యంగా ఉండేదో. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. వేసవి దాటింది, వానలు పడ్డాయి. ఇదంతా నా తెలివే అని ఇంట్లో చెప్పుకున్నాను.

కానీ ఏ కోటకైనా గదులు అయిపోతాయి. ఒక పొద్దున ఎదురుగా పెద్ద తలుపు కనపడింది, రెండు పక్కలా కొవ్వొత్తులు. లోపల ఎవరున్నారో చెప్పనక్కర్లేదు. దొర చస్తే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఆటో ఎందుకు ఎక్కుతాడు? నా బొటనవేలు దానంతట అదే వెనక్కి తిరిగింది. వీరుణ్ణి మెట్లు దింపేశాను. దారి తప్పామన్నాను. మర్నాటికి మర్నాడు కూడా దింపాను. పాత గదుల్లోనే తిప్పాను. చచ్చిన గబ్బిలాలు మళ్లీ లేచాయి, మళ్లీ చంపాం.

"ఎడం పక్క తలుపుంది బావా."

"అది గోడ."

"గోడకి గొళ్లెం ఉంటాదేటి."

"ఇంగ్లీషోళ్ల గోడలు బావా. మనకేటి తెలుసు."

అలా ఎన్నిసార్లు తిప్పానో. ఆఖరికి ఒకరోజు, ఆ తలుపు ముందు నుంచి నేను వీరుణ్ణి మళ్లీ వెనక్కి తిప్పుతుండగా, అతను తన వైపు ఫోను వదిలేశాడు. బరువంతా నా చేతి మీద పడింది. కుడి చెయ్యి ముందుకు చాపాడు. అరచెయ్యి నేల వైపు పెట్టి, మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

అది మా పనిలో సైగ. ఆపు అని. క్రేన్ కింద ఒక రూలుంది. ఎత్తమని, దించమని, పక్కకు జరపమని చెప్పే హక్కు సైగలవాడొక్కడికే. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. నేల ఊడ్చేవాడు చెయ్యి ఊపినా సరే, దారిన పోయేవాడు ఊపినా సరే. ఎందుకని అడక్కూడదు. ముందు ఆపాలి, తర్వాతే అడగాలి. అన్నేళ్లలో సైగలన్నీ నేను చేసినవే. అతను నాకు సైగ చెయ్యడం అదే మొదలు.

ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాను. తర్వాత అడిగాను.

"ఎందుకు బావా?"

"ఆటో దిగినాక ఆ రోజంతా మంచమే. మర్నాడు కుసింత లేద్దారనుకునేసరికి, మల్లీ ఆటో. రోజల్లా కలిపి గలాసుడు నీళ్లు. ముద్ద మింగనాకి కూడా లెక్క సూసుకోవాల. ఆ దొర బతుకు ఇదే కదా బావా. పగలల్లా పెట్టిలో, లేత్తే దాహం. సావలేకపోడం, అదీ ఆడి రోగం. మనం కుర్రతనంలో అదేదో గొప్పనుకున్నాం."

"మీ ఏసుపెబువు సచ్చి మల్లీ నెగలేదేటి. బతకడం తప్పా?"

నా నోటికి అంతకన్నా మంచి వాదన దొరకలేదు. అతను నవ్వాడు.

"నెగినాడు. ఆయన ఎవుల రక్తమూ తాగలేదు బావా. తనదే ఇచ్చినాడు. నేనాయన కాడికే ఎల్తాను."

"మరి నీ కూతురు?"

"దానికి సెప్పీసినాను. ఏడిసింది. ఏడిసి, సరే నాన్నా అంది. నీకే సెప్పలేదు."

"నాకెందుకు సెప్పలేదు?"

"నువ్ కథ మార్సేస్తావని."

ఆ రోజు సూదులు తీశాక సిస్టర్ దూది నొక్కి పట్టుకుంది, అదే ఆఖరిసారి. ఇంకోసారి ఆలోచించుకోమని డాక్టరమ్మ రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడింది. అతను రెండుసార్లూ శ్రద్ధగా విని, నమస్కారం పెట్టి వచ్చేశాడు. నేను ఇంటికెళ్లి బతిమాలాను, తిట్టాను, మాట్లాడకుండా ఒకరోజు అలిగాను. ఆ ఒక్కరోజు ఇప్పుడు ఎంత ఇచ్చి తెచ్చుకుందామన్నా రాదు.

బావ ఎలా వెళ్లాడని అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇది. ఇంటి ముందు వరండాలో మంచం వేయించుకున్నాడు. చెంబుడు నీళ్లు గటగటా తాగాడు. ఏడాదికి పైగా తాగొద్దన్న కొబ్బరినీళ్లు తెప్పించుకుని, మీసానికి అంటిన చుక్క కూడా తుడుచుకుని నాకాడు. చర్చి నుంచి వచ్చినవాళ్లు పాట పాడుతుంటే తనూ గొంతు కలిపాడు. నన్ను చూసి కన్ను కొట్టి, నవ్వుతూ, నిద్రపోయినట్టు పోయాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుని, అదృష్టవంతుడు అంటారు.

నీళ్లు తాగిన మాట నిజం. కొబ్బరినీళ్లు కూడా. మొదటి రెండు మూడు రోజులు అలాగే గడిచాయి. నేను చూసిన అతని మంచి రోజులు అవే. తర్వాత కాళ్లు ఉబ్బాయి. ఒళ్లంతా దురద, గోకి గోకి రక్తం వచ్చేది. ఆయాసంతో పడుకోలేక కూర్చునే కునికేవాడు. డాక్టరమ్మ ఇంటికి పంపిన మందు వేస్తే కొంత తగ్గేది. నవ్వలేదు. కన్ను కొట్టలేదు. చర్చివాళ్లు పాట పాడినప్పుడు అతనికి తెలివి సరిగ్గా లేదు. పోయిన వేళకి నేను అక్కడ లేను, స్నానానికి ఇంటికెళ్లాను.

దానికి ముందు రోజు మధ్యాహ్నం జరిగినది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కూతురు లోపల మందు కలుపుతోంది. అతను ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఎక్కడిదో.

"బావా, ఆటో పిలు. ఎల్దాం."

"ఎక్కడికి బావా? మెషీన్ కాడికా?"

"బేగి పిలు. ఊపిరాడ్డం నేదు."

చెప్పులు లేకుండానే జంక్షన్ దాకా పరిగెత్తాను. పరిగెత్తడం కాదు, నా వయసుకి అది గబగబా నడవడమే. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. ఎక్కి కూర్చున్నాక నాకు సంతోషం కలిగింది. అది దాచను. గెలిచాననిపించింది.

వచ్చేసరికి కూతురు అతని వీపు రాస్తోంది. మందు పనిచేసినట్టుంది, ఊపిరి కాస్త నెమ్మదించింది.

"బావా, ఆటో తెచ్చినాను. లే, ఎల్దాం."

అతను నన్ను చాలాసేపు చూశాడు. నేనెవరో తెలిసిన చూపే అది.

"ఎక్కడికి?" అన్నాడు.

నేను చెప్పొచ్చు. మెషీన్ దగ్గరికి, నువ్వే రమ్మన్నావు అనొచ్చు. ఇద్దరం ఎత్తి ఆటోలో కూర్చోబెట్టొచ్చు, అడ్డుపడే బలం అతనికి లేదు. ఆటో పిలవమన్నది అతనా, ఆ ఆయాసమా? ఎక్కడికని అడుగుతున్నది అతనా, ఆ మందా? ఏ మాటకి కట్టుబడాలి నేను? అతని కూతురు కేసి చూశాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. 

గేటు బయట ఆటో ఇంజను ఆపలేదు. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎల్లాలా వొద్దా తాతా?" అన్నాడు.

నేను గేటు దాకా వెళ్లి, ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు మళ్లీ అడిగాడు. చెయ్యి తీసేశాను. వెళ్లిపొమ్మన్నాను. ఆటో వెనక్కి తిరిగి జంక్షన్ వైపు వెళ్లింది. అది మలుపు తిరిగాక కూడా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్తే అతని పక్కన కూర్చోవాలి. కాసేపటికి వెళ్లి కూర్చున్నాను.